పదేపదే చేతులు కడిగే తమ్ముడి విషయమై సమాధానం

అనంతపురం నుంచి రాసిన మిత్రులకు నమస్కారం. మీ తమ్ముడు మురికి అంటిందన్న భయంతో గంటల తరబడి చేతులు కడుగుతున్నాడని, అది స్వభావమా, జబ్బా అని అడిగారు. స్వభావమైతే మనిషి సాధారణంగా దానిని సరైనదిగానే భావిస్తాడు. అనవసరమని తెలిసినా మానలేక తానే బాధపడుతున్నాడని మీరు రాసినందున, ఇది ఓసీడీ (అక్కరలేని ఆలోచనలు వెంటాడి, ఒకే పనిని పదేపదే చేయించే మానసిక రుగ్మత) కావచ్చునని నాకనిపిస్తున్నది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దీని మూలాలను బాల్యంలో వెదికాడు గాని, చికిత్సకు ఆ దారి అంతగా అక్కరకు రాలేదు. 1966లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ వివరించిన పద్ధతిలో, రోగి తాను భయపడే వస్తువును తాకి, కడుక్కోకుండా ఆగి, ఆందోళన దానంతటదే తగ్గడాన్ని అనుభవంతో నేర్చుకుంటాడు; అవసరాన్ని బట్టి వైద్యులు ఫ్లూఆక్సెటిన్ వంటి మందులూ ఇస్తారు. “శుభ్రంగానే ఉన్నాయిలే” అని అమ్మగారు పదేపదే ధైర్యం చెప్పడం (మన జిల్లా నీటి కొరతను గుర్తుచేసి మందలించడం కూడా) మేలు చేయదు. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడి, మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.