మంచె కాళ్ళు గట్టిగా ఉండాలంటే

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మొక్కజొన్న చేలో కాపలాకు మంచె వేస్తానన్నావు, మంచిదే. అయితే కంకి పాలుపోసుకునే దాకా ఆగకు. అడవిపందులు ఎగబడేది అప్పుడే. చేను మోకాలెత్తు ఉండగానే గుంతలు తవ్వేసెయ్. ఆలస్యంగా కర్రలు మోసుకెళితే నాలుగు సాళ్ళు మీ కాళ్ళ కిందే పోతాయి.

పిట్టలను తోలడానికైతే మంచె చేను నడుమ ఉండాలి. పందులకైతే వాగు వైపో అడవి వైపో గట్టు దగ్గర వెయ్యి. వాటి అడుగులు చూసి, అవి వచ్చే దారి కనబడేలా కాస్త పక్కగా నిలుపు. కరెంటు తీగలకు మాత్రం దూరంగా ఉండాలి. పచ్చి వెదురు ఎత్తేటప్పుడు తీగకు తగిలితే ప్రాణం పోతుంది.

మొక్కజొన్న 7, 8 అడుగులు పెరుగుతుంది. తట్టు, అంటే మంచె మీద కూర్చునే చోటు, 7 అడుగుల ఎత్తున ఉంటే చాలు, కూర్చున్నా చూపు కంకుల పైనుంచి పోతుంది. ఇంకా ఎత్తు లేపాలన్న ఆశ వద్దు, ఎత్తు పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది.

ఇక కాళ్ళ సంగతి. మంచె కూలిందంటే చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి ఇక్కడ నిదానించు. నాలుగు పంగ గుంజలు, అంటే పైకొస రెండు కొమ్మలుగా విడిన కర్రలు, కావాలి. తుమ్మ గానీ వేప గానీ, పంగ దాకా 10 అడుగులు, మొదలు దగ్గర 5 అంగుళాల లావు. అడవిలో కొట్టి తేకు, గట్టు మీద ఉన్నవో అడితిలో కొన్నవో వాడు. దూలం బరువు పంగలో కూర్చోవాలి, మేకు మీద వేలాడకూడదు. మేకు తుప్పుపడుతుంది, పచ్చికర్ర ఎండి చీలితే పట్టు వదిలేస్తుంది. పంగలు దొరక్క సరుగుడు వాడాల్సి వస్తే, దూలం కింద గుంజకు ఒక దిమ్మ ఆనించి, 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండేసి వాషర్లతో బిగించు. గుంజకు గాడి తీస్తే అంగుళం లోతు మించకూడదు.

గుంతలు 3 అడుగుల లోతు తవ్వు. నేల మట్టాన 6 అడుగులకు 7 అడుగులు, పైన తట్టు దగ్గర 5కు 6 వచ్చేలా గుంజలను లోపలికి కొంచెం వాల్చు. కర్ర పుచ్చేది అడుగున కాదు, నేల మట్టం దగ్గర. గాలీ తేమా కలిసేది అక్కడే. అందుకే బెరడు తీసి, ఆరబెట్టి, మొదలు నుంచి నేలపైన ఒక అడుగు ఎత్తు దాకా తారు పూయి. మీది నల్లరేగడి కదా, వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గుంజను వదులు చేస్తుంది. తవ్విన మట్టే మళ్ళీ నింపకుండా మొరం, రాళ్ళు అరడుగు చొప్పున పోస్తూ దిమ్మిసతో కొట్టు. చివర్లో మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా వేస్తే నీరు నిలవదు.

దూలాలు రెండు, 4 అంగుళాల లావువి, పొడుగు వైపు పంగల్లో వెయ్యి. వాటి మీద అడుగుకొకటి చొప్పున వాసాలు, ఆపైన చీల్చిన వెదురు అరంగుళం సందుతో పరువు. సందు లేకపోతే వాననీరు నిలిచి తట్టు కుళ్ళుతుంది. ముదురు వెదురే కొను, లేత బొంగు ఎండితే ముడుచుకుని కట్లు జారతాయి.

మూడు వైపులా గుంజల మధ్య ఏటవాలు కర్రలు ఇంటూ గుర్తులా కట్టడం మరిచిపోకు. గుంజలెంత లావైనా ఇవి లేకపోతే మనిషి పక్కకు ఒత్తిగిల్లినప్పుడల్లా మంచె ఊగి, ఆ ఊపుకే కట్లు వదులవుతాయి. కొబ్బరి తాడైతే పది రోజులకోసారి బిగించు.

నిచ్చెన మెట్లు అడుగుకొకటి ఉండాలి, దాని కొసలు తట్టుకు మూడడుగులు పైకి రావాలి. ఎక్కి దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏదీ లేకపోతే జారేది అక్కడే. టార్చి, నీళ్ళ సీసా చేత్తో తీసుకెళ్ళకు, తాడుతో పైకి లాక్కో. చుట్టూ మూడడుగుల ఎత్తున ఒక కర్ర, నడుమ ఇంకొకటి అడ్డంగా కట్టు. తెల్లవారుజామున కునుకు పట్టకుండా ఉండదు, దొర్లినా ఆ అడ్డకర్ర ఆపాలి.

కప్పుకు తాటాకు మేలు. టార్పాలిన్ వేస్తే గాలికి తెరచాపలా ఉబ్బి మంచెనే లాగుతుంది, అందుకని జారుముడి వేసి ఉంచు, గాలి లేవగానే విప్పెయ్యి. కప్పు కింద మంట పెట్టకు.

పడుకునే ముందు పరీక్ష చెయ్యి. సగం నింపిన మట్టి సంచులు ఒక్కోటి 25 కిలోలు, అలాంటివి 12 పైకి లాగి ఒక రాత్రి ఉంచు. ఉదయం గుంజల మొదళ్ళు, పంగలు చూడు. నేల పగిలినా, చీలిక కనబడినా దించి సరిచెయ్యి.

మబ్బు ఉరిమితే మొదటి ఉరుముకే దిగి పక్కా ఇంట్లోకి వెళ్ళు. చేలో అన్నిటికన్నా ఎత్తైనది నీ మంచే.

కంచె తీగకు కరెంటు పెడదామని ఎవరైనా చెప్పినా వినకు. అది నేరం, రాత్రి నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క రైతు చచ్చిపోతాడు. జింకలూ దుప్పులూ వస్తే డప్పు, టార్చి చాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడటం నేరం. మంచె ఉన్నది వాటిని తోలడానికే, వేటకు కాదు.

గుంతలు తవ్వాక కొలతలు రాసి పంపు, దూలాల పొడవు లెక్క కట్టి చెబుతాను.

మీ మామయ్య