పక్క స్థలం ఎవరిది?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా పెందుర్తి. మా ఇంటికి పడమటి పక్క 150 గజాల ఖాళీ స్థలం ఉంది. తుప్పలు పెరిగి పాములు తిరుగుతున్నాయి. ‘అమ్మబడును’ అని బోర్డు పెట్టి ఇద్దరు ఏజెంట్ల నంబర్లు రాశారు. ఒకాయన ‘వివరాలు వాట్సాప్‌లో పెడతాను మేడమ్’ అన్నాడు, మళ్లీ ఫోనెత్తలేదు. రెండో నంబరు మోగుతూనే ఉంటుంది. ఓనరెవరో తెలిస్తే మేమే అడిగి కొనుక్కుంటాం. ఎలా తెలుసుకోవాలండీ?
– ఒక టీచరు

జవాబు: అమ్మా, ఆ ఏజెంట్లను వదిలెయ్యండి. బోర్డు కట్టినవాళ్లందరికీ ఓనరు తెలిసి ఉంటాడనుకోకండి. ఎవరో చెప్పగా విని బోర్డు కట్టేవాళ్లు బోలెడుమంది. పైగా మీరు పక్కింటివాళ్లని తెలిస్తే, నేరుగా మాట్లాడేసుకుని కమీషన్ ఎగ్గొడతారని వాళ్ల భయం. మీ ఉత్తరం చూస్తే ఆ భయం ఉత్తిది కాదనే అనిపిస్తోంది!

ముందు మీ ఇంటి దస్తావేజు బయటికి తియ్యండి. షెడ్యూలులో నాలుగు హద్దులుంటాయి. పడమర హద్దు దగ్గర ఫలానావారి స్థలమనో, ఫలానా నంబరు ప్లాటనో రాసి ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ నేను గమనించిందేమిటంటే, సొంత దస్తావేజులో హద్దులు చదువుకున్నవాళ్లు బహు తక్కువ. మీ కాగితంలో స్పష్టంగా లేకపోతే ఆ స్థలానికి అవతలివైపు ఇంటివాళ్లను అడగండి. వాళ్లకు తూర్పు హద్దు అదే కదా. వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, ఇప్పుడు వీఎంఆర్‌డీఏ) లేఅవుట్ అయితే ప్లానులో ప్లాటు నంబరు దొరుకుతుంది.

అయితే ఆ పేరు మీరు కొన్ననాటిది. తర్వాత చేతులు మారిందేమో ఈసీలో, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో తేలుతుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు ఇస్తే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో వెతికించాలి. ఈసీలో ‘ఈఎక్స్’ అంటే రాసిచ్చినవారు, ‘సీఎల్’ అంటే రాయించుకున్నవారు. అన్నిటికన్నా కొత్త తేదీ ఉన్న అమ్మకంలో ‘సీఎల్’ ఎవరో చూడండి. ‘ఎంఆర్, ఎంఈ’ అని ఉంటే అది తనఖా. అది తీరిందో లేదో కనుక్కోవాలి.

పేరు దొరికింది, చిరునామా ఎలా అంటారా? ఆ దస్తావేజు నకలు తీసుకోండి. అందులో ఇరుపక్షాల చిరునామాలూ ఉంటాయి. ‘పార్టీ వస్తేనే ఇస్తాం’ అని ఎవరైనా అంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ గుర్తుచెయ్యండి. స్థలాలు, ఇళ్ల దస్తావేజులు నమోదు చేసే ఒకటో పుస్తకంలోని నకళ్లు రుసుము కట్టి ఎవరైనా అడగొచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకానికి మాత్రం, రాసినవారు బతికుండగా అది చెల్లదు. ఆ చిరునామాకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాసి పడెయ్యండి. ధర మాత్రం అందులో ఎత్తకండి.

ఉత్తరం తిరిగొస్తే మీ వార్డు సచివాలయానికి వెళ్లండి. ఖాళీ స్థలం పన్ను ఎవరి పేరున ఉందో అక్కడ కనుక్కోవచ్చు. ఫోన్ నంబరు అడగకండి, ఇవ్వరు. ‘పక్క స్థలంలో పాములు, శుభ్రం చేయించండి’ అని మీరే అర్జీ పెట్టుకుంటే ఓనరుకు నోటీసు వెళ్లే అవకాశం ఉంది. దాంతో ఆయనే మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చు.

ఇంకో మాట. మీ చుట్టుపక్కల వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం ఉన్నాయి. ఆ ఊళ్ల భూములు సింహాచలం దేవస్థానానివా, అక్కడ ఇళ్లు కట్టుకున్నవారివా అన్న పంచగ్రామాల వివాదం మీకు తెలియనిది కాదు. ఓనరు దొరికినా, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో ఉందేమో చూడకుండా బయానా ఇవ్వకండి. జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

ఈసీలో పేరున్న పెద్దాయన కాలం చేసి ఉంటే, కొడుకు ఒక్కడూ వచ్చి ‘నాదే’ అన్నా సరిపోదు. ఆయన సొంతంగా కొన్న స్థలమై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కూతుళ్లకూ కూడా సమాన వాటా ఉంటుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడిగి, అందులో ఉన్న వారసులందరి చేతా, పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లల చేతా కూడా అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకోండి.