రెండూ ఒకే నవల, ముగింపులే వేరు

తమ్ముడూ, శనివారం ఎస్వీయూ హాస్టల్లో 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' సినిమా వేద్దామంటే 1956ది ఒకటి, 1978ది ఒకటి కనబడుతున్నాయి, నవల చదివిన రూమ్మేటేమో రెండింటి ముగింపూ తప్పంటున్నాడు, అదేగా నీ టెన్షన్? వాడన్నది నిజమే.

ఈ రెండు సినిమాలకూ మూలమైన జాక్ ఫిన్నీ నవల 1955లో వచ్చింది. అంతరిక్షం నుంచి వచ్చిన పెద్ద పెద్ద కాయలు నిద్రపోయే మనిషికి నకలు తయారుచేస్తాయి, మొహం అదే, ప్రేమా కోపం మాత్రం ఉండవు. నవల చివర్లో మనుషులు లొంగరని తేలాక అవి భూమిని వదిలి వెళ్లిపోతాయి. అంత సాఫీగా ముగిస్తే ఇక భయమేముంది చెప్పు! డాన్ సీగల్ తీసిన 1956 సినిమా అసలైతే, హీరో హైవే మీద కార్లకు అడ్డంపడి అరవడంతోనే అయిపోవాలి, కానీ స్టూడియో పట్టుబట్టి ముందూ వెనకా ఆసుపత్రి సీన్లు అతికించింది, అందుకే కాస్త ఆశ మిగులుతుంది.

నన్నడిగితే ఫిలిప్ కాఫ్‌మన్ తీసిన 1978దే వేయండి. దాని ముగింపు ఇక్కడ చెప్పను, మీ వాడి నోరు కూడా మూయించు. వెనకాల తిరిగే చెత్త లారీల మీద ఓ కన్నేసి ఉంచండి. పాత సినిమా హీరో కెవిన్ మెకార్తీ ఇందులోనూ ఓసారి కారుకి అడ్డంపడతాడు, భలే తమాషా.

దాదాపు రెండు గంటలుంటుంది. ప్రొజెక్టర్ సౌండ్ చాలదు, తిరుపతిలో పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవాళ్లు బోలెడుమంది, ఒకటి తెచ్చుకోండి.