అలిపిరి మెట్లెక్కితే కాళ్లు పట్టేస్తాయి సరే, గుండె ఎందుకు పట్టేయదు?

ఎందుకంటే రెండూ ఒకే రకం కండరం కాదు. తొడల్లో, పిక్కల్లో ఉండేవి అస్థి కండరాలు (చారలుంటాయి కాబట్టి స్కూల్లో రేఖిత కండరాలని చదివే ఉంటారు), ఎముకలకు అతుక్కుని మనం చెప్పినట్టు కదులుతాయి. మెదడు నుంచి సంకేతం రాగానే కణంలో కాల్షియం విడుదలై, ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుల్ని మయోసిన్ అనే ప్రొటీన్ పోగులు లాగుతాయి, దాంతో కండరం పొట్టిదవుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసం వచ్చినా అసలు దెబ్బ నడిచి దిగేటప్పుడే: తొడ కండరం బరువు మోస్తూనే సాగాలి, పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, నొప్పి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని అందరూ అంటారు గానీ అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది.

గుండె కండరానికీ చారలుంటాయి, కానీ మన మాట వినదు. సొంత లయతో రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. దాని కణాల నిండా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు, పైగా కొట్టుకున్న ప్రతిసారీ చిన్న విరామం, అందుకే అలసిపోదు. మెట్ల మీద ఛాతీ నొప్పి వస్తే మాత్రం 'కండరం పట్టిందిలే' అనుకోకుండా ఆగి సాయం అడగండి.

మూడోది నునుపు కండరం, చారలుండవు. పేగులు, రక్తనాళాలు, మూత్రాశయం గోడల్లో నెమ్మదిగా పనిచేస్తుంది. కొండ మీద తిన్న లడ్డూను కడుపులోంచి ముందుకు నెట్టేది ఇదే.