మావారు అండమాన్ వెళ్ళిపోదామంటున్నారు

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్ళు, ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మావారికి 43, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాప ఎనిమిదో తరగతి. మాతోనే ఉండే అత్తయ్యగారికి రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేశారు. జనవరిలో అండమాన్ వెళ్ళి ఆరు రోజులు ఉండి వచ్చాం. అప్పటి నుంచి మావారు ఇల్లు అమ్మేసి హేవ్‌లాక్ దీవిలో స్థిరపడదామంటున్నారు. ట్రాఫిక్ లేదు, గాలి శుభ్రం, ఖర్చు తక్కువ, ఇంటి నుంచే పని చేసుకోవచ్చు, అన్నిటికీ మించి అక్కడ హాయిగా నిద్ర పట్టింది అంటారు. నన్ను రాజీనామా చేయమంటున్నారు. హోమ్‌స్టే లీజుకు మూడు లక్షలు అడ్వాన్స్ ఇవ్వబోతున్నారు. వద్దంటే ఆయన సంతోషానికి అడ్డుపడినట్టు అవుతుందేమోనని నోరు మెదపలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట ఒకటుంది. ఆయనకు అక్కడ నిద్ర పట్టింది అన్నారు. అంటే ఇక్కడ పట్టడం లేదు. ఎన్నాళ్ళుగా? ఆఫీసులో ఏం జరుగుతోంది? బీపీ, షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా? దీవి సంగతి ఎటు తేలినా, ముందు ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. 43 ఏళ్ళ మనిషి నెలల తరబడి నిద్రలేకుండా ఉంటే దాన్ని ఊరికే వదిలేయకూడదు. సెలవులో, ఫోన్ మోగని చోట, పక్కన మీరూ పాపా ఉండగా పట్టిన నిద్ర అది. సముద్రం వల్ల పట్టిందా, ఆఫీసు లేకపోవడం వల్ల పట్టిందా అన్నది ఆయనే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్ళాక కూడా అదే ఉద్యోగం, అవే రాత్రి కాల్స్ ఉంటాయి కదా.

అలాగని ఆయన కోరికను పిచ్చి ఆలోచన అనను. హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరంలో ఒక సాయంత్రం కూర్చున్న వాళ్ళెవరికైనా ఈ ఆలోచన రాకమానదు. పైగా అండమాన్ మనకు పరాయి చోటేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ పనులకూ వెళ్ళి తరాలుగా స్థిరపడిన వాళ్ళున్నారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పటి పేరు శ్రీ విజయపురంలో, తెలుగు మాట్లాడుతూ బతికేయొచ్చు. ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నదీ నిజమే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది. హేవ్‌లాక్‌కి, అంటే స్వరాజ్ ద్వీప్‌కి కూడా ఆ లైను ఉంది.

ఖర్చు తక్కువ అన్నది మాత్రం నేను ఒప్పుకోను. సరుకుల్లో చాలా భాగం ఓడలో రావాలి. ఆ రవాణా ఖర్చు ధరలో కలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు మీవాళ్ళను చూడ్డానికి రావాలన్నా విమానం టికెట్లు నాలుగు. విశాఖ నుంచి ఓడ ఉంది కానీ రెండు రోజులకు పైనే ప్రయాణం, తరచుగానూ ఉండదు.

మీరు చూసింది జనవరి. ఎండ తేలిగ్గా, సముద్రం అద్దంలా ఉండే కాలం. మే రెండో సగం నుంచి వర్షాలు మొదలైతే నెలల తరబడి కురుస్తూనే ఉంటాయి. గాలి ఎక్కువైతే దీవుల మధ్య ఫెర్రీలు ఆపేస్తారు. మీ అత్తయ్యగారికి రాత్రి పదింటికి ఛాతీలో నొప్పి వస్తే ఏం చేస్తారు? పెద్ద ఆసుపత్రి శ్రీ విజయపురంలో ఉంది. స్వరాజ్ ద్వీప్ నుంచి వేగంగా వెళ్ళే పడవలోనైనా గంటన్నర. అక్కడా కుదరకపోతే చెన్నైకో కోల్‌కతాకో విమానం ఎక్కాలి. ఈ ఒక్క కారణంతోనే, వెళ్ళాలనుకుంటే స్వరాజ్ ద్వీప్ వద్దు, శ్రీ విజయపురంలోనే ఉండండి అంటాను.

పాప చదువుకు గడువు దగ్గరలోనే ఉంది. అక్కడి బడులు సీబీఎస్‌ఈవి. ఆ బోర్డులో తొమ్మిదిలోనే పేరు నమోదవుతుంది, నేరుగా పదిలో చేర్చుకోవడం కష్టం. కాబట్టి మార్చితే ఈ ఏడాదే మార్చాలి, లేదంటే పది అయ్యేదాకా ఆగాలి. నేనైతే ఆగమంటాను.

ఇక మీ ఉద్యోగం. మీరు దాని గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వ టీచర్ పోస్టు అండమాన్‌కి బదిలీ కాదు, వదిలేస్తే మళ్ళీ రాదు. ఆయన ఉద్యోగం ల్యాప్‌టాప్‌తో పాటు వస్తుంది, మీది రాదు. ఈ తేడా ఆయనకు తట్టి ఉండకపోవచ్చు. మీరే చెప్పాలి. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, మామూలుగా అన్నం తినేటప్పుడు చెప్పండి. "మీకు నిద్ర పట్టాలని నాకూ ఉంది. కానీ నా ఉద్యోగం వదులుకుని నేను సంతోషంగా ఉండలేను" అనండి. ఇది అడ్డుపడటం కాదమ్మా. ఇప్పుడు నోరు మూసుకుని, మూడేళ్ళ తర్వాత "నీవల్లే అన్నీ వదులుకున్నాను" అనడం ఇంకా బాధ.

ఆ మూడు లక్షలు మాత్రం ఇప్పుడే ఇవ్వనివ్వకండి. ఇల్లు అమ్మకం మాట ఎత్తనివ్వకండి. దానికి బదులు ఇలా అడగండి. మే రెండో వారంలో ఆయన శ్రీ విజయపురంలో ఒక గది నెల అద్దెకు తీసుకుని అక్కడి నుంచే ఆఫీసు పని చేయాలి. వేసవి సెలవులు ముగిసే ముందు మీరూ పాపా రెండు వారాలు వెళ్ళండి. ఆ రోజుల్లో అత్తయ్యగారి దగ్గర ఆడపడుచులాంటి వాళ్ళెవరైనా ఉండేలా చూసుకోండి. వాన, ఆఫీసు, వంట, బట్టలు ఆరకపోవడం, కరెంటు కోతలు అన్నీ కలిపి చూడండి. అప్పుడూ ఆయనకు నిద్ర పడితే, ఆయన మాట నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. అప్పుడు పాప పదో తరగతి అయ్యాక ఏం చేయాలో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోవచ్చు. మీకు జీతం లేని సెలవు ఎంతకాలం దొరుకుతుందో ఈలోగా మీ హెచ్ఎంని అడిగి ఉంచండి.

ఇంకొకటి. ఇంత పెద్ద ఉత్తరంలో అత్తయ్యగారు ఏమన్నారో లేదు. ఆమెను ఎవరైనా అడిగారా?