ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే చప్పుడు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆక్సిలరేటర్ తొక్కగానే కారు చప్పుడు చేస్తోందనీ, పికప్ తగ్గిందనీ, మెకానిక్ ఒకేసారి మూడు భాగాలు మార్చాలన్నాడనీ రాశావు. అప్పుడే ఏదీ మార్పించవద్దు. ఆ చప్పుడు ఇంజిన్ వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా అన్నది ముందు తేల్చుకో.

బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను మెల్లగా 3,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా పెంచు. చప్పుడు వస్తే దాని మూలం ఇంజిన్‌లోనో, బెల్టులోనో, సైలెన్సర్ గొట్టంలోనో ఉంటుంది. రాకపోతే, రద్దీ లేని రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంతో ఒకసారి మూడో గేరులో, మరోసారి నాలుగో గేరులో నడిపి విను. గేరు మారితే ఇంజిన్ వేగం మారుతుంది గాని చక్రాల వేగం మారదు కనుక, రెండుసార్లూ ఒకేలా వినిపించే హోరు టైర్లదో, చక్రాల బేరింగులదో అయివుంటుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడివైపు పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగును అనుమానించు. మలుపులో టకటకమంటే సీవీ జాయింట్‌ను, అంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే ఇరుసు కీలును అనుమానించు.

ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో కిటకిటమని గవ్వలు రాలినట్టు వినిపిస్తే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండడం. ఇంజిన్ వేడెక్కినా, లోపల మసి పేరుకున్నా, కంపెనీ చెప్పిన ఆక్టేన్ (నాకింగ్‌ను పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కన్నా తక్కువ రకం పెట్రోలు పోసినా వస్తుంది. కింది గేరుకు దిగితే తగ్గుతుంది, కానీ కారణం మిగిలే ఉంటుంది.

నేనొకసారి సరిగ్గా ఒకే ఆర్‌పీఎం దగ్గర గలగలమనే చప్పుడు విని, గేరుబాక్సు పోయిందనుకుని వారం రోజులు నిద్రపోలేదు. చివరకు చూస్తే సైలెన్సర్ గొట్టం మీద వేడి తగలకుండా బిగించే రేకు బోల్టు వదులైంది, అంతే.

ఇక పికప్ సంగతి. ఆర్‌పీఎం ముల్లు పైకి పోతున్నా బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతోందని అర్థం. ముల్లే బద్ధకంగా లేస్తూ ఇంజిన్ కుదుపులిస్తే మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం కావచ్చు. బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల్ని చదివే స్కానర్ పెట్టి కోడ్ చూడు. పీ0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించేది) ఉన్న ఇంజిన్ అయితే, ఆపి చల్లారనిచ్చి, మొదటి కాయిల్‌ను మూడో దానితో మార్చి చూడు. కోడ్ పీ0303 అయితే దోషం కాయిల్‌దే, మారకపోతే స్పార్క్ ప్లగ్ వైపో, ఇంజెక్టర్ వైపో వెతకాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే కాయిళ్ళన్నీ మార్చేవారిని చాలామందిని చూశాను. టర్బో బండి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) తొక్కగానే బుస్సుమంటూ బలం తగ్గితే గాలి గొట్టం చిట్లిందేమో చూడు. ఎయిర్ ఫిల్టర్ ఎలాగూ చూస్తావు.

రెండు సందర్భాల్లో మాత్రం పరీక్షలు పెట్టుకోకు. ఇంజిన్ దీపం మినుకు మినుకుమంటే, మండని పెట్రోలు వెళ్ళి, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది కనుక ఆక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా పక్కకు ఆపు. ఇంజిన్ అడుగు నుంచి బరువైన దబదబ వినిపించినా, ఆయిల్ దీపం వెలిగినా వెంటనే ఇంజిన్ ఆపి, బండిని లాగించుకుని వెళ్ళు.

నిలిపి ఉంచినప్పుడు చప్పుడు వచ్చిందా, గేరు మార్చితే మారిందా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్న మూడింటికీ జవాబులు రాసి పంపు. ఆ తరువాత మెకానిక్ చెప్పిన మూడు భాగాల మాట చూద్దాం.

మామయ్య