ఫోన్ ఒక్కటే, పిల్లలు 38 మంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర ఒక హైస్కూలు. పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. 38 మంది పిల్లలు. "అర్థమైందా?" అంటే అందరూ "అయింది మేడమ్" అంటారు, తీరా పేపర్లు దిద్దితే సగం మందికి ఏమీ ఎక్కలేదని తెలుస్తుంది. నా ఫోన్, ల్యాప్‌టాప్, క్లాసులో ఒక ప్యానెల్ (గోడకు ఉండే పెద్ద డిజిటల్ తెర) ఉన్నాయి, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఎవరినడిగినా పది యాప్‌ల పేర్లు చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: టీచర్ గారూ, ఆ పదీ పక్కన పెట్టండి. ఎవరికి అర్థం కాలేదో పాఠం నడుస్తుండగానే తెలియాలి, మీకు కావలసింది అదే. దానికి ప్లికర్స్ అనే యాప్ ఒక్కటి చాలు, పిల్లలు కార్డులు ఎత్తి జవాబు చెబుతారు. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. కార్డులు ప్లికర్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోండి, 40 కార్డుల సెట్టు మీ క్లాసుకు సరిపోతుంది. ఒక్కో కార్డు మీద ఒక్కో గుర్తు, నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి ఉంటాయి, పిల్లవాడు తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటాడు, మీరు ఫోన్ కెమెరాను క్లాసంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో మీ తెరమీద కనిపిస్తుంది. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. నోరు విప్పని పిల్లలు కూడా జవాబు చెప్పేది ఇక్కడే, నాకు ఇది బాగా నచ్చడానికి కారణం అదే.

కార్డులు పాత పెళ్లి శుభలేఖల అట్టకు అతికించండి. మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడి కెమెరా చదవలేదు. ప్లికర్స్‌కు నెట్ కావాలి, సిగ్నల్ అందే గదిలో పెట్టుకోండి.

విద్యుత్ పాఠానికి ఫెట్ కూడా తోడు పెట్టుకోండి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్లు (తెరమీద చేసి చూసే ప్రయోగాలు) ఇవి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకుని వెళితే క్లాసులో నెట్ లేకపోయినా నడుస్తాయి. శ్రేణిలో (ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా) రెండు బల్బులు పెట్టి, "ఒకటి తీసేస్తే రెండోది ఏమవుతుంది?" అని ముందు కార్డులు ఎత్తించండి, ఆ తర్వాతే ప్యానెల్ మీద తీసి చూపించండి. బల్బులను సమాంతరంగా (ఒక్కోదానికి విడి దారి ఉండేలా) కలిపి కూడా ఇదే చేయండి. అమ్మవారి సంబరాలకు కట్టే సీరియల్ లైట్లలో ఒక్కటి పోతే వరసంతా ఎందుకు ఆరిపోయేదో, ఇంట్లో ఒక బల్బు పోయినా మిగతావి ఎందుకు వెలుగుతాయో అప్పుడు వాళ్లే చెబుతారు.

ప్రభుత్వ పాఠాల యాప్ అయిన దీక్షలో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్‌తో వచ్చే వీడియోలు కూడా ముందే దించుకోవచ్చు, కానీ అది రెండో నెలలో చూసుకోండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. ఎవరు తప్పు చెప్పారో ప్యానెల్ మీద చూపించొద్దు, అది మీ ఫోన్‌లోనే ఉండాలి. ఒక్కసారి నలుగురిలో తలవంపులైతే ఆ పిల్లలు మళ్లీ "అయింది మేడమ్" దగ్గరికే పోతారు. యాప్‌లో పేర్లకు బదులు రోల్ నంబర్లు వేసుకోండి, వారానికి రెండు క్లాసుల్లో మూడేసి ప్రశ్నలతో మొదలుపెట్టండి.